జపాను ఇంటి పద్ధతిలో తోఫు భోజనము
(పాలు, చక్కెర అక్కరలేని వంట)

ఆదిలాబాదు, నిర్మల్, నిజామాబాదు, కామారెడ్డి జిల్లాల రైతులకు సోయాచిక్కుడును గురించి క్రొత్తగా చెప్పవలసినది లేదు. తొలకరికి విత్తి, దసరా నాటికి కోసి, నూర్చి, బస్తాల కెత్తి మార్కెట్టునకు పంపుచున్నారు. అక్కడినుండి గింజ నూనె మిల్లునకు పోవును. నూనె తీయగా మిగిలిన పిండిలో అధికభాగము కోళ్ల దాణాకు చేరును. పండించిన ఇంట మాత్రము ఆ గింజ పొయ్యి మీది కెక్కుట అరుదు. ఎందుకని అడిగినచో పచ్చివాసన వచ్చుననియు, ఎంత ఉడికించినను కందిపప్పువలె మెత్తబడదనియు, తిన్నచో కడుపు ఉబ్బరించుననియు ఆడవారు చెప్పుదురు. ఈ మూడు మాటలును నిజమే. శతాబ్దముల తరబడి ఈ గింజను తినుచున్న జపాను దేశమువారికి కూడ ఇవి తెలియును. అందుచేతనే వారు దీనిని పప్పుగా వండుకొనుటకంటె, రుబ్బి పాలు తీసి తోఫు చేయుటకును, పులియబెట్టి మిసో, షోయు అను వాటిని చేయుటకును ఎక్కువగా వాడుదురు.

100 గ్రాముల సోయా గింజలో 36 నుండి 40 గ్రాముల మాంసకృత్తులు కలవు. కందిపప్పులో ఉన్నవి 22 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే. ఇంత బలమైన తిండిని ఇంటిలో పెట్టుకొని, పిల్లలకు అన్నము, పచ్చడి మెతుకులతో సరిపెట్టుట ఆలోచింపదగిన విషయము. మధుమేహమున్నవారు ఇంట ఒకరైనను లేని ఊరు నేడు లేదు. వారికి చక్కెర తగలని, మాంసకృత్తులు గల రాత్రి భోజన మొకటి తెలిసియుండుట మంచిది. కనుక జపాను గృహిణులు వండు పద్ధతినే, పాలు, గ్రుడ్డు, చేప, తేనె, చక్కెర ఏదియు లేకుండ నలుగురికి సరిపడు భోజనమును ఇక్కడ వివరించుచున్నాము. పాలు, నెయ్యి కూడ మాని తిను ఇట్టి ఆహారమునే ఇప్పుడు వీగన్ ఆహారమని పిలుచుచున్నారు. మన శాకాహారమునకును దీనికిని తేడా అదియే.

ఈ వంట ఎక్కడిది?

తోఫు పుట్టుక చీనా దేశములో. అక్కడినుండి జపానుకు బౌద్ధ భిక్షువుల వెంట వచ్చినదని చెప్పుదురు. జపానులో దీని పేరు వ్రాతపూర్వకముగా కనబడుట 1183లో, నారా నగరమందలి కసుగా దేవాలయపు పూజారి దినచర్యలో. అంతకు ఐదువందల యేండ్లకు ముందే, 675లో, తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రము, కుక్క, కోతి, కోడి మాంసములను తినరాదని శాసించెను. చేపలకు ఆ నిషేధము లేదు. ఆలయములలోని భిక్షువులు మాత్రము చేపను సైతము మాని, తోఫు, ఆకుకూరలు, దుంపలు, నువ్వులతో జరుపుకొనిరి. వారి వంటకు షోజిన్ ర్యోరి అని పేరు. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడ నిషిద్ధము. డోగెన్ అను గురువు 1237లో మఠపు వంటవాని విధులను గురించి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసినాడు. బియ్యములో రాళ్లు ఏరుట మొదలు అన్నియు అందులో కలవు. 1782 నాటికి ఒసాకాలో నూరు విధముల తోఫు వంటలతో ఒక పుస్తకము అచ్చయి, జనులు విరివిగా కొని చదివిరి.

అయితే ఒక మాట. జపాను వంట అంతయు శాకాహారమని తలచరాదు. అక్కడి పులుసులు, కూరలు అన్నిటికిని ఆధారమైన దాషి అను రసమును చాల ఇండ్లలో ఎండబెట్టిన చేప తరుగుతో కాచుదురు. కంటికి కూరగాయలే కనబడినను అడుగున చేప ఉండును. చక్కెర సంగతియు ఇంతే. ఇంటి కూరలలో షోయుతోపాటు చక్కెరయు, మిరిన్ అను తీయని బియ్యపు మద్యమును పోయుట వారికి అలవాటు. తెరియాకి అను పేరుగల దేదైనను తీయనిదే. కావున వారి వంటలలో ఏవి మనకు పనికివచ్చునో ఏరుకొనవలెను.

వంటకు ముందు మూడు హెచ్చరికలు

మొదటిది. విత్తనముగా కొన్న సోయాను ఎట్టి పరిస్థితులలోను తినరాదు. విత్తన సంచులలోని గింజకు తెగుళ్ల మందు పట్టించి యుందురు. రంగు కూడ వేసియుందురు. కడిగినంత మాత్రమున మందు పోదు. విత్తగా మిగిలిన సంచిని వంటింటి దరిదాపులకు రానీయవద్దు. తిండికి వాడునది మీ కళ్లమునుండి తీసి, మందు కలపక, వేరుగా నిలువయుంచిన గింజ కావలెను; లేదా కిరాణా కొట్టులో తిండికని అమ్మునది కావలెను.

రెండవది. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థము కలదు. కడుపు ఉబ్బరమునకు, వికారమునకు అదియు ఒక కారణము. తగినంత సేపు మరగించినగాని అది నశింపదు. సోయాపాలు పొయ్యిమీద పెట్టగానే నురుగుతో పొంగివచ్చును. దానిని చూచి కాగినదని దించివేయుదురు. అది పొరపాటు. నురుగు పొంగుట కాగుట కాదు.

మూడవది జిప్సమును గురించి. తోఫును విరుచుటకు కాల్షియము సల్ఫేటును వాడుదురు. అది జిప్సమే. వేరుశనగ ఊడలు దిగు సమయమున చేనికి వేయుటకు తెచ్చిన జిప్సము మీ ఇంట ఉండవచ్చును. దానిని ఒక్క చిటికెడైనను వంటకు వాడరాదు. చేనికి వేయునది మట్టి, ఇతర లోహములు కలిసిన సరకు. ఎముకలకు కట్టు కట్టు పిండియు, గోడలకు పూయు పిండియు అట్లే పనికిరావు. ఆహారమునకు తగినదని చీటీపై వ్రాసియున్న దానినే కొనవలెను. దొరకనిచో నిమ్మరసమే చాలును.

తోఫు చేయుట

పావుకిలో సోయా గింజలను ఏరి, కడిగి, ముందురోజు రాత్రి నీటిలో నానవేయవలెను. వేసవిలో 7, 8 గంటలు చాలును. చలికాలములో 12 గంటలు పట్టును. ఒక గింజను రెండు బద్దలుగా విప్పి చూడుడు. లోపలి ముఖము చదునుగా ఉన్నచో నానినట్లు. నడుమ పల్లముగా ఉన్నచో ఇంకను నానవలెను. నానిన గింజ రెండింతలకు పైగా తూగును.

నానిన నీటిని పారబోసి, క్రొత్త నీరు చేర్చి మెత్తగా రుబ్బవలెను. చన్నీటితో రుబ్బినచో పచ్చివాసన పుట్టును. ఆ వాసన గింజలో ముందునుండి ఉన్నది కాదు, నలిగినప్పుడు గాలి తగిలి పుట్టునది. బాగుగా మరగిన నీటితో రుబ్బినచో చాలవరకు పుట్టనే పుట్టదు. మన ఆడవారు చెప్పు మొదటి అభ్యంతరమునకు విరుగుడు ఇదియే. మిక్సీలో వేడినీరు పోయునప్పుడు గిన్నెను సగముకంటె ఎక్కువ నింపక, మూతపై గుడ్డ వేసి పట్టుకొనవలెను. రుబ్బుటకును, తరువాత కలుపుటకును కలిపి మొత్తము 2 లీటర్ల నీరు పట్టును.

ఈ పిండిని పెద్ద గిన్నెలో పోసి పొయ్యిపై నుంచుడు. గిన్నె సగముకంటె ఎక్కువ నిండరాదు. అడుగంటకుండ కలియబెట్టుచు, మొదటి పొంగు రాగానే సెగ తగ్గించి, అక్కడినుండి మరి 10 నిమిషములు మరగనిండు. ఈ పది నిమిషములు గడియారము చూచియే లెక్కపెట్టవలెను. పిదప పలుచని నూలుగుడ్డలో పోసి, చల్లారకముందే కఱ్ఱతో నొక్కి పిండవలెను. దిగినవి సోయాపాలు; సుమారు లీటరు ముప్పావు ఉండును. గుడ్డలో మిగిలినది పిప్పి. జపానువారు దీనిని ఒకారా అందురు. దీనిని పారవేయవద్దు, దీనితోను ఒక కూర కలదు.

పాలను మరల వేడిచేసి దించి, రెండు మూడు నిమిషములు ఆగి, మంట తీరిన తరువాత విరువవలెను. ఉష్ణమాపకము ఉన్నచో 75 నుండి 80 డిగ్రీల సెంటీగ్రేడు సరియైన వేడి. జపానులో వాడు నిగారి అను పదార్థము సముద్రపు ఉప్పు తీయగా మిగిలిన చేదునీటినుండి వచ్చును. అందులో ముఖ్యమైనది మెగ్నీషియము క్లోరైడు. నిగారి గాని, ఆహారపు కాల్షియము సల్ఫేటు గాని దొరికినచో ఒక చిన్న చెంచాడు నుండి ఒకటిన్నర చెంచాల వరకు అరగ్లాసు నీటిలో కలుపుకొనుడు. నిమ్మరసమైనచో 4 పెద్ద చెంచాలు తీసి అంతే నీరు కలుపుడు. దీనిని మూడు విడతలుగా పోయవలెను. మొదటి విడత పోయుచు గరిటెతో ఒక్కసారి అడుగునుండి పైకి కలిపి, ఆపివేయుడు. తక్కిన రెండు విడతలును పైపైన చిలకరించి, మూతపెట్టి, పావుగంట కదపక ఉంచుడు. పాలు తునకలై, తేట లేత పసుపురంగుగా కనబడినచో పని అయినట్లు. తేట ఇంకను తెల్లగా నున్నచో మరి కొద్దిగా విరుపు నీరు చల్లవలెను. మజ్జిగ చిలికినట్లు కలుపుట, తొందరపడి అంతయు ఒకేసారి కుమ్మరించుట చేసినచో తోఫు ఇసుకవలె పొడిపొడిగా వచ్చును. మొదటిసారి చేయువారికి చెడునది సాధారణముగా ఇక్కడనే.

చిల్లుల గిన్నెలో తడిగుడ్డ పరచి, విరిగిన తునకలను గరిటెతో మెల్లగా ఎత్తి వేయుడు. గుడ్డ మడిచి, పైన పళ్లెము, దానిపై ఒక కిలో బరువు అరగంట ఉంచుడు. తీసి చన్నీటిలో ఒక గంట ఉంచినచో గట్టిపడి, కోయుటకు వీలగును. గుడ్డ నేత గుర్తులు పైన పడిన ఈ గట్టి రకమునకు జపానులో మోమెన్, అనగా నూలు తోఫు, అని పేరు. గుడ్డలో వడగట్టక పాలనే గడ్డకట్టించునది పట్టు తోఫు. అది అతి మెత్తన. ఇంటిలో ముందుగా నూలు తోఫునే నేర్చుకొనవలెను. పావుకిలో గింజకు సుమారు 400 గ్రాములు వచ్చును. నీరు ఎంత పిండితిమను దానినిబట్టి 100 గ్రాములలో 7 నుండి 12 గ్రాముల మాంసకృత్తు లుండును. నిమ్మరసముతో చేసినది కొంచెము పుల్లగా ఉండును, అంతగా బిగువుండదు. అయినను తినుటకు బాగే.

చేప లేని దాషి

హొక్కైడో సముద్రతీరమున పెరుగు కొంబు అను నాచును ఎండబెట్టి అమ్ముదురు. దాని రుచికి మూలము గ్లుటామిక ఆమ్లమని టోక్యోలో కికునే ఇకెడా అను రసాయన శాస్త్రవేత్త 1908లో కనుగొని, తీపి, పులుపు, ఉప్పు, చేదులకు వేరైన ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టెను. ఎండిన షీటాకే పుట్టగొడుగులలో మరియొక పదార్థము కలదు. ఈ రెండును కలిసినచో రుచి కూడినట్లు కాక హెచ్చవేసినట్లు పెరుగును. చక్కెర వేయకపోయినను కూర చప్పగా తోచకుండుటకు కిటుకు ఇదియే.

10 గ్రాముల కొంబు ముక్కను కడుగక, తడిగుడ్డతో తుడిచి, 4 ఎండు షీటాకేలతో కలిపి లీటరు నీటిలో రాత్రియే నానవేయుడు. కొంబుపై నుండు తెల్లని పొడి బూజు కాదు. రుచి అందులోనే కలదు. మరునాడు సన్నని సెగపై కాచి, నీరు మరుగుటకు ముందే కొంబును తీసివేయవలెను. మరగినచో జిగురు, నాచువాసన దిగును. పుట్టగొడుగులను మరి పది నిమిషములుంచి తీయవచ్చును. ఈ రెండు సరకులును పల్లెలలో దొరకవు. పట్టణములలోని పెద్ద కొట్లలోను, తపాలా ద్వారా తెప్పించుకొను అంగళ్లలోను కలవు. ఎండిన సరకు గనుక తడి తగలక ఉంచినచో ఏడాది నిలుచును.

మిసో, షోయు కొనునప్పుడు చీటీ చదువుట తప్పనిసరి. మంచి షోయులో సోయా, గోధుమ, ఉప్పు, నీరు తప్ప వేరేమియు ఉండనక్కరలేదు. మన బజారులో సోయా సాసు అని అమ్ము చాల సీసాలలో చక్కెరయు, మాడ్చిన చక్కెర రంగును కలియును. దాషి కలిపిన మిసో అని యున్నచో అందులో సాధారణముగా చేప ఉండును. మిసోలలో తెల్లనిది తీపి. ఎఱ్ఱనిది, నల్లనిది ఉప్పన. ఈ భోజనమునకు ఎఱ్ఱనిది కొనుడు. తమాగో తోఫు అని వ్రాసియున్నది గ్రుడ్డుతో చేసినది, సోయాతో కాదు.

భోజనము

అన్నముతోపాటు ఒక పులుసు, మూడు వంటకములు జపాను ఇంటి భోజనమునకు పాత లెక్క.

పులుసునకు 600 మిల్లీలీటర్ల దాషిలో ముల్లంగి బిళ్లలను ఉడికించి, పొయ్యి ఆర్పిన తరువాత 3 పెద్ద చెంచాల మిసోను గరిటెలో కరిగించి కలుపుడు. మిసో వేసిన పిదప మరగించరాదు, వాసన పోవును.

పిప్పి కూరకు ఉనోహనా అని పేరు. ఉనోహనా ఒక తెల్లని పువ్వు. ఒక పెద్ద చెంచా నువ్వులనూనెలో సన్నగా తరిగిన క్యారెట్టును నిదానముగా, అంచులు ఎఱ్ఱబడువరకు వేయించుడు. ఈ కూరకు జపానువారు వేయు చక్కెర పని క్యారెట్టే చేయును. దాషిలోనుండి తీసిన షీటాకేలను తరిగి చేర్చి, 200 గ్రాముల పిప్పి, ఒక గ్లాసు దాషి, పెద్ద చెంచాడు షోయు వేసి, తడి ఇగిరి పుట్నాలపొడివలె విడివడువరకు కలుపుచు ఉడికించవలెను. పీచు అంతయు ఇందులో ఉన్నది గనుక ఇది కడుపు నింపు కూర.

మూడవది మనకు వెంటనే నచ్చునది. ఒక కట్ట పాలకూరను మరుగు నీటిలో ఒక నిమిషము ముంచి, చన్నీటిలో వేసి, గట్టిగా పిండి, అంగుళము ముక్కలుగా కోయుడు. 3 పెద్ద చెంచాల నువ్వులను దోరగా వేయించి, రోటిలో నూరి, సగము నలిగి సగము నలుగక ఉండగా 2 చిన్న చెంచాల షోయు, ఒక పెద్ద చెంచా దాషి కలిపి, ఆకుకు పట్టించుడు. జగిత్యాల నువ్వు పండించు రైతులు దీనిని చేసి చూడవలెను.

చివరగా తోఫు. క్యోటోలోని నన్జెన్‌జి ఆలయ పరిసరములలో యుదోఫు, అనగా వేడినీటి తోఫు, పేరుపొందినది. గిన్నె అడుగున దాషికి వాడిన కొంబునే పరచి, లీటరు నీరు పోసి, అంగుళమున్నర ముక్కలుగా కోసిన తోఫును వేసి, సన్నని సెగపై నుంచుడు. ముక్కలు మెల్లగా కదలుట మొదలుపెట్టగానే దించవలెను. తెర్లనిచ్చినచో తోఫులో చిల్లులు పడి, బిరుసెక్కును. నలుగురికి కలిపి 4 చిన్న చెంచాల షోయు, అంతే నిమ్మరసము, దానికి రెండింతల దాషి కలిపి, అల్లము కోరి వేయుడు. జపానులో యుజు అను నిమ్మజాతి పండును పిండుదురు. మన నిమ్మకాయ చక్కగా సరిపోవును. వేడి ముక్కను ఇందులో అద్దుకొని తినవలెను. కారము కోరువారు కొంచెము మిరియపు పొడి చల్లుకొనవచ్చును గాని, మొదటిసారి చల్లకుండ తిని చూడుడు.

ఎవరు జాగ్రత్త పడవలెను?

చక్కెర వేయలేదు గదా అని అన్నము రెండింతలు పెట్టుకొనుట వలన మధుమేహ రోగికి ఒరుగునది లేదు. అన్నము కొలిచి, ఒక చిన్న కప్పుకు మించక పెట్టుకొని, తోఫు, ఆకుకూర ముందు తినవలెను.

చక్కెరను తప్పించితిమి గాని ఈ భోజనములో ఉప్పు తక్కువ కాదు. పైన చెప్పిన కొలతల ప్రకారము మిసో పులుసులోనే మనిషికి ఒకటిన్నర గ్రాములు, షోయులన్నిటిలో కలిపి సుమారు రెండు గ్రాములు వచ్చును. రోజు మొత్తమునకు 5 గ్రాములకు లోపుగా ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కనుక ఆనాడు ఊరగాయ, అప్పడము జోలికి పోరాదు. రక్తపోటు గలవారు పులుసులో ముక్కలు తిని నీరు విడిచిపెట్టవలెను, లేదా మిసోను సగము చేయవలెను.

కొంబులో అయొడిను చాల ఎక్కువ. గొంతు గ్రంథి జబ్బునకు మందు వాడువారు వైద్యుని అడిగిన పిదపనే తినవలెను. ఆ మాత్రను వేసుకొన్న వెంటనే సోయా తినరాదు. సోయా పడనివారు, ఒంటిపై దద్దురులు లేచువారు కొందరుందురు. వారికి ఇది తగదు. పాలు, గ్రుడ్లు నిత్యమును పూర్తిగా మానదలచినవారు తోఫు ఒక్కటే నమ్ముకొనరాదు. బి-12 విటమిను అందులో లేదు. దానిని వేరుగా వైద్యుని సలహాపై తీసుకొనవలెను. వారమున కొక రాత్రి తిను ఇతరులకు ఈ చింత లేదు.

విస్తరణాధికారులు దీనిని మహిళా సంఘములలో చేసి చూపదలచినచో, తోఫు విరుచుట వరకు చూపిన చాలును. దాషి, మిసో లేకున్నను మిగిలిన తోఫును మన కూరలలో పనీరువలె వేయవచ్చును. బజారులో దీనిని సోయా పనీరు అనియే అమ్ముచున్నారు.

మిగిలిన తోఫును నీటిలో మునుగునట్లుంచి, రోజూ నీరు మార్చుచు, శీతలపెట్టెలో రెండు మూడు రోజులు నిలువయుంచవచ్చును. పుల్లని వాసన, జిగురు కనబడినచో పారవేయవలెను. పిప్పి అంతకంటె త్వరగా చెడును. ఆ పూటకు ఆ పూట వండుకొనవలెను. కూరకు వాడగా మిగిలిన పిప్పిని సెనగపిండితో కలిపి ఆ పూటనే వడలకు వాడవచ్చును. తోఫు తేటయు, అదనపు పిప్పియు అప్పటికే మరగినవి గనుక, చల్లార్చి, పాడియావు కుడితిలో కొద్దికొద్దిగా కలిపి అదే రోజున పెట్టుడు.